భుజం మీద చెయ్యి

నాకు నోరెక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే, కాదనను. కానీ నా వల్ల ఒక మనిషికి జరిగిన అన్యాయం నోటితో మొదలవలేదు, చేత్తో మొదలైంది. రోగిని నిద్ర లేపేటప్పుడు భుజం మీద అరచెయ్యి ఆనించి, ఉలిక్కిపడకుండా మెల్లగా పిలవాలని గుంటూరు జిల్లాలో నర్సు ట్రైనింగ్‌లో నేర్పారు. ఎన్ని వందల మందిని అలా లేపానో నాకే తెలియదు. ఎవరికీ ఏమీ కాలేదు, ఆ పెద్దావిడకి తప్ప.

ఎనభైల మొదట్లో మాట. మేం మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉండేవాళ్లం. మా ఆయన కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. నేను అరగంట దూరంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో పగటి డ్యూటీ చేసేదాన్ని. అక్కడ హాలు చివరి గదిలో ఉండేదావిడ. డెబ్భై ఏళ్లుంటాయి. పోలండ్ నుంచి వచ్చిన యూదురాలు. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయింది, ఇంగ్లీషు పూర్తిగా పోయింది. రోజంతా కిటికీలోంచి పార్కింగ్ లాట్ వైపు చూస్తూ కూర్చునేది. వారానికి రెండుసార్లు ఆవిడ కూతురు వచ్చేది. నలభై దాటిన మనిషి, స్కూల్లో టీచరు, మాటలు తక్కువ. పోలిష్ కాకుండా, తమ యూదుల ఇంటి భాషలో తల్లితో ఏదో చెబుతూ ఉండేది. తల్లి వినేది కానీ ఆ భాషలో ఒక్క మాటా తిరిగి అనేది కాదు.

భోజనం తర్వాత ఆవిడ కాసేపు కునుకు తీసేది. రెండింటికి మందు వేయాలి కాబట్టి నేను వెళ్లి భుజం మీద చెయ్యి వేసేదాన్ని. కళ్లు పూర్తిగా తెరవకముందే ఆవిడ ఎడమ చేత్తో పడిపోయిన కుడి చేతిని పట్టుకుని పైకెత్తి, నుదుటి మీద, గుండె మీద, రెండు భుజాల మీద సిలువ గుర్తు వేసుకునేది. ఆ వెంటనే పోలిష్‌లో గబగబా ఒక ప్రార్థన. భాష రాకపోతే మాత్రం ప్రార్థన అని తెలియదా? మరియ పేరు వినిపించేది, యేసు పేరు వినిపించేది, చివర ఆమెన్ అనేది. మొదటిసారి విన్నప్పుడు మందు గ్లాసు కింద పెట్టేశాను.

చార్టులో మతం దగ్గర యూదు అని రాసి ఉంది. మరి ఇదేమిటి? నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు తేల్చడానికి. మా కోస్తా సంఘాల్లో రహస్య విశ్వాసులని ఒక మాట ఉంది. ఇంట్లోవాళ్లకి తెలియకుండా, బొట్టు తీయకుండా, లోలోపల ప్రభువుని నమ్ముకున్నవాళ్లు. మా ఊరి కరణంగారి భార్య అలాంటిదే. మా అమ్మ ఆ ఇంటి దొడ్లో పనికి వెళ్లినప్పుడు గడ్డివాము వెనక అమ్మ చేత ప్రార్థన చేయించుకునేది. ఈవిడా అంతే, కూతురికి భయపడి దాచుకుంది, ఇప్పుడు నిద్రమత్తులో బయటపడుతోంది అనుకున్నాను. మేం ప్రొటెస్టెంట్లం, మరియమ్మని తలుచుకునే ప్రార్థనలు మాకు గిట్టవు. అయినా ప్రభువు నా చేతిలో పెట్టిన మనిషిని శాఖ చూసి వెనక్కి పంపుతానా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ మాట మా ఆయనతో చెప్పాను.

"అంత రహస్యంగా ఉంచుకుందంటే ఏదో కారణం ఉండే ఉంటుంది గదే. నువ్వెందుకు చాటింపేస్తావ్?" అన్నాడు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆయన మాట విని ఉంటే ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. అప్పట్లో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఆదివారం సాయంత్రం పది కుటుంబాలు కలిసి తెలుగులో ప్రార్థన చేసుకునేవాళ్లం. ఆ ఆదివారం నేను లేచి ఆవిడ సంగతి అందరి ముందూ సాక్ష్యంగా చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. అందరూ స్తోత్రం, స్తోత్రం అన్నారు.

"అక్కా, మనం వెళ్లి ఆమె దగ్గర ఒక పాట పాడి ప్రేయర్ చేద్దామక్కా. పాపం ఎన్నేళ్లయిందో ఏమో సహవాసం లేక," అంది ఒకమ్మాయి.

"సాటర్డే అయితే బెటర్," అన్నాను నేను.

శనివారం ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. శనివారం యూదులకి విశ్రాంతి దినం, వాళ్లు కారెక్కరు. కూతురు రాదు. ఈ ఒక్క విషయం మాత్రం ఎప్పుడు తలుచుకున్నా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మావాళ్లు అయిదుగురు వచ్చారు. పట్టుచీరల మీద బరువైన కోట్లు, బూట్ల నిండా మంచు. నేను డ్యూటీలో ఉన్నాను కాబట్టి తెల్ల యూనిఫామ్‌లోనే ఉన్నాను. ఆవిడ నిద్రపోతోంది. మంచం చుట్టూ నిలబడ్డాం. నేను భుజం మీద చెయ్యి వేశాను. ఆవిడ కళ్లు తెరిచి చుట్టూ ఆరు మొహాలు చూసింది. చెయ్యి ఎత్తుకుని సిలువ వేసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. మావాళ్లు కీర్తన ఎత్తుకున్నారు. పాట సాగుతున్నకొద్దీ ఆవిడ గొంతు పెంచింది, ప్రార్థన అయిపోగానే మళ్లీ మొదటినుంచి అందుకుంది. కళ్లవెంట ధారగా నీళ్లు. "చూడక్కా, ఎంత ఆనందమో," అని నా చెవిలో ఎవరో అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

కూతురు తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎండ కాసింది కదా అని రెండు మైళ్లు నడిచి వచ్చిందట.

ఆమె అరవలేదు. మా మధ్యలోంచి మంచం దగ్గరికి వెళ్లి, తల్లి చెవి దగ్గర వంగి పోలిష్‌లో ఒక చిన్న మాట అంది. తల్లి ఠక్కున ఆగి కళ్లు మూసుకుంది. తర్వాత ఆమె నా వైపు తిరిగి, "వీళ్లని పంపించెయ్యండి, ప్లీజ్," అంది.

హాల్లో కుర్చీల్లో కూర్చున్నాం. నేను ముందే ఎదురుదాడికి దిగాను. మీ అమ్మ మనసులో ఏముందో మీకు తెలియదు, ఆవిడ రోజూ చేసే ప్రార్థన నేను విన్నాను, అడ్డుపడే హక్కు మీకు లేదు అన్నాను. ఆమె అంతా విని, అప్పుడు మాట్లాడింది. ఇంగ్లీషులో చెప్పిన మాటలే, నాకు గుర్తున్నట్టు తెలుగులో రాస్తున్నాను.

"ఆ ప్రార్థన నాకూ వచ్చు. అయిదేళ్లప్పుడు నేర్చుకున్నాను. యూదులని తెలిస్తే చంపేసే రోజులు. అమ్మ దొంగ కాగితాలతో కాథలిక్ విధవనని చెప్పి ఒక రైతు ఇంట్లో కుట్టుపనికి చేరింది. నేను ఆమె కూతుర్ని, వేరే పేరుతో. మా నాన్న కూడా అక్కడే ఉన్నాడు, పశువుల పాక కింద తవ్విన గోతిలో. ఆ సంగతి రైతు భార్యకీ అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు."

ఆమె చేతి గ్లవ్స్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"సోదాకి వచ్చినవాళ్లు పిల్లల్ని నిద్రలేపి అడుగుతారని అమ్మకి ఎవరో చెప్పారు. నిద్రలో మనిషి అబద్ధం ఆడలేడు కదా. అందుకని అమ్మ నన్ను రోజూ అలా లేపేది. భుజం మీద చెయ్యి వేసి, ఎవరు నువ్వు అని అడిగేది. నేను కళ్లు తెరవకముందే సిలువ వేసుకుని, ప్రార్థన చెప్పి, దొంగ పేరు చెప్పాలి. తప్పు పోతే మళ్లీ మొదటినుంచి. కొట్టేది కాదు. సరిగ్గా చెబితే, సరిగ్గా చెప్పావు, ఇక పడుకో అనేది."

"మరి మీ అమ్మగారు…" అన్నాను.

"తనకీ భయమే. అందుకని తననీ అలాగే లేపమని నాకు చెప్పింది. ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఎవరు నువ్వు అని అడిగేది నేనే. అయిదేళ్ల పిల్లని. రెండేళ్లపాటు మా అమ్మకి పరీక్ష పెట్టాను. ఇప్పుడు మీరు పెడుతున్నారు."

రోజూ రెండింటికి, తెల్ల బట్టల్లో ఉన్న ఒక కొత్త మనిషి ఆవిడని లేపి ప్రాణం కోసం పరీక్ష రాయించింది. ఆవిడ రాస్తే, చూసి మురిసిపోయింది. ఆ మనిషిని నేను.

వాళ్ల నాన్న ఏమయ్యాడని అడిగాను. చివరి చలికాలంలో ఊపిరితిత్తులకి జబ్బు చేసిందట. దగ్గు వినిపించకుండా నోట్లో గుడ్డ కుక్కుకునేవాడట. ఒకరోజు పొద్దున అన్నం తీసుకువెళ్లేసరికి పోయి ఉన్నాడు. ఆ గోతిలోనే మట్టి కప్పారు. ఊరి దృష్టిలో ఆవిడ అప్పటికే రెండేళ్లుగా విధవ. కొత్తగా ఏడవడానికి వీల్లేదు. ఆ రోజు కూడా కూర్చుని రైతు భార్య లంగాకి అంచు కుట్టిందట.

ఆమె నా మీద కంప్లయింట్ ఇవ్వలేదు. భుజం మీద చెయ్యి వేయొద్దంది. ఇంకొకటి కూడా అడిగింది. "అమ్మకి స్ట్రోక్ రాకముందు ఒకే ఒక్క కోరిక ఉండేది. దొంగ మనిషిగా చావకూడదని. మా ప్రార్థనతో పోవాలి, తనదైన పేరుతో పోవాలి. ఆ టైమ్‌కి నేను లేకపోతే ఈ ఒక్క వాక్యం మీరు ఆమెకి వినిపిస్తారా?"

మాట ఇచ్చాను. దేవుడొక్కడే అని చెప్పే హీబ్రూ వాక్యం. మేం చదివే గ్రంథంలోనూ ఉన్న మాటే. ఆమె పలుకుతుంటే ఒక కార్డు మీద తెలుగు లిపిలో రాసుకున్నాను.

ఆ రోజు ఇంటికి డ్రైవ్ చేస్తూ దారిలో కారు ఆపేశాను. నాకూ రెండు పేర్లున్నాయి. చర్చిలో బాప్తిస్మం పేరు ఒకటి, సర్టిఫికెట్‌లో హిందూ పేరు ఒకటి. మేం క్రైస్తవులమని కాగితం మీద ఉంటే మా కులానికి ఇచ్చే హాస్టల్ సీటు రాదు. ఏడేళ్లప్పుడు మా అమ్మ నాకు నూనె రాసి జడ వేస్తూ నేర్పింది, ఆఫీసరు గారు అడిగితే ఏ పేరు చెప్పాలో, ఏ మతం చెప్పాలో. నా మెడలోని సిలువ గొలుసు తీసి తన కొంగులో ముడివేసుకుంది. నాకు పోయేది సీటు, వాళ్లకి పోయేది ప్రాణం. రెండూ ఒకటని అననుగాక అనను. కానీ నేర్పించిన జవాబు చెప్పేటప్పుడు పిల్ల మొహం ఎలా ఉంటుందో నాకు తెలియాలి. ఆవిడ మొహం రోజూ చూశాను, నాకు తెలియలేదు. నా యూనిఫామ్ మీద బ్యాడ్జిలో ఉన్నది కూడా ఆ సర్టిఫికెట్ పేరే.

ఆ తర్వాత ఆవిడని లేపడం మానేశాను. మెడలో సిలువ గొలుసు తీసి లాకర్లో పెట్టేదాన్ని. పక్కన కుర్చీలో కూర్చుని, తనంతట తను లేచేదాకా చూసి మందు వేసేదాన్ని. ఆలస్యమవుతోందని సూపర్‌వైజరు చేత చీవాట్లు తిన్నాను. ఒకసారి మాత్రం ఆగలేక, ఆవిడ మెలకువగా ఉన్నప్పుడు కార్డు చూసి ఆ వాక్యం మెల్లగా చదివాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ మొహం గోడలా అయిపోయింది. తలుపు వైపు ఒక్కసారి చూసి, కుడి చెయ్యి ఎత్తుకుని సిలువ వేసుకుంది.

కూతురితో చెబితే తల పట్టుకుంది. "యూదుల్ని పట్టుకునేవాళ్లు అదీ చేసేవాళ్లు. మా ప్రార్థనలో మాట ఒకటి పైకి అని, మా కళ్లు కదులుతాయేమోనని చూసేవాళ్లు. మర్చిపోయాను. అయితే చివర్లోనే చెప్పండి. అప్పుడు భయపడటానికి టైమ్ ఉండదు కదా."

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఆవిడ ఊపిరి మారింది. కూతురి స్కూల్‌కి ఫోన్ చేయించాను. బయల్దేరిందన్నారు. నేను కార్డు చేతిలో పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. ముట్టుకోలేదు. అయినా ఆవిడ కళ్లు తెరిచి నా తెల్ల బట్టలు చూసింది. ఎడమ చెయ్యి కుడి చేతి కోసం వెతికింది. ఎడమ చేత్తో సిలువ వేస్తే తప్పు కదా, పట్టుబడిపోతారు. రెండుసార్లు జారిపోయింది, మూడోసారి ఎత్తింది. ప్రార్థన మొదలైంది.

ఇచ్చిన మాట ప్రకారం నేను అప్పుడే ఆ వాక్యం చదవాలి. నోరు తెరిచాను. ఆవిడ కళ్లు నా పెదాల మీదే ఉన్నాయి. నేను ఆ మాట అంటే, ఆ క్షణాన ఆవిడ దొరికిపోయినట్టే. కార్డు మడిచేశాను. ఆవిడ చివరి మాట దాకా వచ్చింది. నేను కూడా కలిసి ఆమెన్ అన్నాను, సరిగ్గా చెప్పావు అన్నట్టు తల ఊపాను. ఆవిడ కళ్లు మూసుకుంది. కాసేపు ఊపిరి ఆడి ఆగింది.

పావుగంటలో కూతురు వచ్చింది. కోటు కూడా విప్పకుండా, "చెప్పారా?" అని అడిగింది.

అబద్ధం సిద్ధంగానే ఉంది. చెప్పాను, విన్నది, ప్రశాంతంగా పోయింది. చిన్నప్పుడే నేర్చుకున్న విద్య నాకు, గొంతు తడబడదు కూడా. కానీ ఆ గదిలో ఇంకొక అబద్ధానికి చోటు లేదనిపించింది.

"చెప్పలేదు. ఆవిడ నన్ను చూసి ఆ ప్రార్థనే చెప్పింది. నేను ఆపలేకపోయాను. క్షమించండి."

ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడింది. తిడుతుందనుకున్నాను, తిట్టాల్సిందే.

"మొత్తం చెప్పిందా?"

"మొత్తం."

"ఎక్కడైనా తడబడిందా?"

"లేదు. ఒక్క మాట కూడా."

అప్పుడు ఏడ్చింది. నలభై దాటిన ఆ టీచరు, గట్టిగా, గుక్కపట్టి ఏడ్చింది. "ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు మా అమ్మ. అందుకే నేనున్నాను," అంది.

తర్వాత మంచం మీద కూర్చుని, తల్లి భుజం మీద చెయ్యి వేసింది. ముందు పోలిష్‌లో ఒక చిన్న మాట అంది. మేం పాడిన రోజు చెవిలో అన్న మాటే అది, నాకు శబ్దం గుర్తుంది. ఆ తర్వాత తమ ప్రార్థన మొదలుపెట్టింది. నేను తలుపు మూసి బయట నిలబడ్డాను.

సామాన్లు తీసుకువెళ్లేటప్పుడు ఆ పోలిష్ మాటకి అర్థం ఏమిటని అడిగాను.

"సరిగ్గా చెప్పావు, ఇక పడుకో," అంది.