ఇరవై నాలుగు అణువులు, మూడు రోజులు

2023 వేసవి. హసన్‌పర్తి దాటాక ఉన్న ఒక ఫార్మసీ కాలేజీలో మాలిక్యులర్ మోడలింగ్ ల్యాబ్ నా చేతిలో ఉండేది. ల్యాబ్ అంటే సీసాలు, బర్నర్లు కావు. పన్నెండు కంప్యూటర్లు, రెండు ఏసీలు, అందులో ఒకటి పని చేయదు. మందు అణువును తెర మీద కట్టి, శరీరంలోని ప్రోటీన్ గుంతలో అది ఎలా ఇముడుతుందో లెక్కగట్టడం ఇక్కడి పని. ఆ లెక్కను డాకింగ్ అంటాం.

బుధవారం పొద్దున నేను తాళం తీయకముందే నస్రీన్ తలుపు దగ్గర నిలబడి ఉంది. వర్ధన్నపేట పిల్ల, ఎం.ఫార్మసీ చివరి సెమిస్టర్. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి.

"మేడం, నా ఇరవై నాలుగు అణువులు మల్ల కట్టాలె. శనివారం లోపట థీసిస్ ఇయ్యకుంటే నెక్స్ట్ బ్యాచ్‌ల ఏస్తరట. హైదరాబాద్‌ల జాబ్ వచ్చింది గదా, అది పోతది."

"ఎందుకు మల్ల కట్టుడు? ఏమైంది?"

"తెలిసిన మందు గూడ గుంతల కూసుంటలేదు మేడం. గట్ల రావద్దు, రిజల్ట్స్ అన్ని తప్పేనని గైడ్ సార్ అన్నడు."

గైడ్ సార్ అన్నది నిజమే. పనిచేస్తుందని లోకానికి తెలిసిన మందును కూడా డాక్ చేసి చూస్తాం. అదే ఇమడకపోతే మన కొత్త అణువుల సంగతి చెప్పనక్కర్లేదు.

ఆమె కూర్చుని మొదటి అణువు మొదలుపెట్టింది. ఒక కార్బన్ పెట్టడం, బొమ్మను తిప్పి చూడటం, మెనూ వెతికి ఇంకో కార్బన్ పెట్టడం. నలభై నిమిషాలైనా ఒక్కటి పూర్తి కాలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఆగు! ముందుగాల మౌస్ ఇడిశిపెట్టు. గిట్ల కడితే దసరా దాకా కడ్తనే ఉంటవ్. తప్పేడుందో చూడకుంట మల్ల కడితే అదే తప్పు మల్ల చేస్తవ్. పాత ఫైల్ తెరువు."

తెరిచింది. అణువుల్లో కొన్ని కార్బన్లకు కుడి, ఎడమ ఉంటాయి. దాన్ని కైరాలిటీ అంటారు. ఎడమకాలి చెప్పులో కుడికాలు దూరనట్టే, చేతివాటం మారిన అణువు గుంతలో ఇమడదు. ఆ చేతివాటాన్ని ఆర్ లేదా ఎస్ అని తెర మీద చూపే లేబుళ్ల మీట నొక్కాను. ఎస్ అని ఉండాల్సిన చోట ఆర్ అని ఉంది. ఒక్క అణువులో కాదు, ఇరవై నాలుగింటిలోనూ, ఆ తెలిసిన మందులోనూ. అన్నీ ఒకే మూల అణువుకు వేర్వేరు పరమాణువుల గుంపులు తగిలించి కట్టినవే.

"ఈ మూల అణువు ఏడికెళ్లి తెచ్చినవ్?"

ఆమె తల దించుకుంది. "ల్యాబ్ ఫోల్డర్ల ఉండె మేడం. మీరు చేసిందే."

ఫైల్ పేరులో నా ఇంటిపేరు మొదటి అక్షరం ఉంది. రెండేళ్ల కింద క్లాసులో చూపించడానికి కట్టిన బొమ్మ. ప్రొజెక్టర్ మీద ఒక గుంపు సరిగా కనబడటం లేదని మౌస్‌తో అవతలి వైపుకు లాగి, క్లీన్-అప్ నొక్కాను. క్లీన్-అప్ అంటే పొడవులు, కోణాలు సరిచేసే మీట. అది కోణాలు చూస్తుంది, చేతివాటం మారిందని మనకు చెప్పదు. కంచే చేను మేసింది. నాకు తల తీసేసినట్టయింది.

"నువ్వెందుకు చెక్ చేయలే?"

"మీ ఫైల్ గదా మేడం, మిమ్ముల్ని చెక్ చేసుడేందనుకున్న."

వెంటనే గైడ్ సార్ గదికి పోయి తప్పు నాదని చెప్పాను. గడువు మాత్రం మారదన్నారు. సరే, మారకపోతే మారకపోనీ. శనివారం లోపల ఈ పిల్ల థీసిస్ ఇచ్చి తీరాలని ఒట్టు పెట్టుకున్నట్టే పనిలో దిగాను.

మూల అణువు ఒక్కటే సరిచేశాం. దాన్ని ప్రచురితమైన నిర్మాణంతో పోల్చి చూసుకున్నాం. తర్వాత ఏ అణువునూ మొదటి నుంచి కట్టలేదు. మూల అణువును ఫ్రీజ్ చేసి, అంటే కదలకుండా బిగించి, ఒక హైడ్రోజన్‌ను ఎంచుకుని దాని స్థానంలో కొత్త గుంపు పెట్టడం, ఆ గుంపును మాత్రమే క్లీన్-అప్ చేయడం, లేబుల్ చూసి కొత్త పేరుతో సేవ్ చేయడం. కుడిచేయి మౌస్ మీద, ఎడమచేయి కీబోర్డు మీద. మెనూల జోలికి పోవద్దన్నాను. ఒక్కోటి పది నిమిషాల్లో అయింది. చెరి సగం పంచుకోకుండా ఒకరు కడితే ఒకరు చూసేలా కూర్చున్నాం.

పదిహేనో అణువు నా వంతు. పెద్ద గుంపు, పక్కదానికి తగులుతోంది. హుషారులో ఫ్రీజ్ మరిచిపోయి మౌస్‌తో అటు లాగేశాను.

"మేడం, ఆగుండ్రి!" నస్రీన్ నా చేయి పట్టుకుంది. "ఆర్ అయింది సూడుండ్రి. మల్ల తిరిగింది."

పదహారేళ్ల అనుభవం, అదే తప్పు రెండోసారి! సిగ్గుపడుతూనే అన్‌డూ నొక్కాను. ఆ తర్వాత ఆమె నా చేతి మీద నుంచి కళ్లు తిప్పలేదు.

గురువారం మధ్యాహ్నానికి డాకింగ్ నడిచింది. తెలిసిన మందు తన చోట తాను కూర్చుంది. నస్రీన్ ఎగిరి గంతేసింది. ఆమె కొత్త అణువుల్లో సగం పనికిరానివే, అయినా అవి నిజమైన ఫలితాలు. శనివారం థీసిస్ ఇచ్చేసింది.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ మూల అణువు దగ్గరే ఆగి, "ఇది ఎవరు కట్టారమ్మా?" అని అడిగారు.

"మా మేడం కట్టిండ్రు సార్," అంది నస్రీన్. "తప్పు జరిగినప్పుడు నేను పట్టుకున్న."

వెనక కుర్చీలో ఉన్న నాకు కళ్లు చెమర్చాయి. ఇప్పుడు నా ఫోల్డర్ అడిగే ప్రతి పిల్లకూ ఒకటే మాట చెప్తాను: ముందు నన్ను అనుమానించు, ఆ తర్వాతే మౌస్ పట్టుకో.