కప్పతల్లి రోకలి మోసిన మేడం

మొన్న తొలకరికి మిర్యాలగూడ రోడ్డు పక్క గుంత నిండింది. అందులోంచి గొంతు బొంగురుపోయిన మేకపిల్ల అరుపులాంటిది వినబడగానే స్కూటర్ ఆపేశాను. ఒళ్ళు పులకరించింది. మా సుగుణ మేడం కప్ప! అప్పుడే రైస్‌మిల్లు ట్రాక్టరొకటి ఊకబూడిదతో వచ్చి గుంత అంచున ఆగింది.

ఎనభైల చివర్లో సూర్యాపేటలో నాకు ఇంటర్ జువాలజీ చెప్పిన మనిషి ఆమె. కోదాడావిడ. మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుంపట్టు. ల్యాబు సీసాలో బూరలా ఉబ్బిన గుండ్రటి కప్ప ఉండేది. ఏడాదంతా మట్టిలోనే ఉండి, తొలివానలకు మాత్రం పైకొచ్చి మేకపిల్లలా అరుస్తుందట. "వెనక్కి నడుస్తూ మట్టిలోకి దిగుతుందట. అది నా కళ్ళతో చూడాలి," అనేది మేడం. ఎన్ని వానాకాలాలు చెలకల వెంట తిరిగినా దొరకలేదు.

ఆ ఏడు ఆషాఢం సగమైనా చినుకు లేదు. మా చివ్వెంలలో ఆడవాళ్ళు కప్పతల్లి ఆడారు. రోకలికి కప్పను, వేపమండలను కట్టి ఇల్లిల్లూ తిరుగుతారు, ఇంటివాళ్ళు దానిమీద నీళ్ళు పోస్తారు, వాన పడుతుందని నమ్మకం. ముందుండేది మా ఎల్లమ్మత్త. పునాది తవ్వుతుంటే దొరికిన కప్పను కట్టారు. చూద్దును కదా, సీసాలోని కప్పే, ప్రాణాలతో! బస్సెక్కి పోయి మేడంను వెంటబెట్టుకొచ్చాను.

మేడం విప్పమని బతిమాలింది. అత్త మొహం గంటు పెట్టుకుంది.

"ఊరు తిరగకుండ ఇడిస్తే వాన రాదు. మా విత్తనం మట్టిల మాడిపోతది," అంది.

అదీ న్యాయమే. కానీ కప్ప అప్పటికే వాడిపోయింది, ఎండలో ఇంకా తిరిగితే బతకదు.

మేడం వాదించలేదు. కొంగు నడుముకు దోపింది.

"రోకలి నా భుజానికివ్వండమ్మా, ఊరంతా నేనే మోస్తాను. కప్పని మాత్రం తడిగుడ్డలో వదులుగా కట్టనివ్వండి. తిరగడం అయ్యాక చెలకలో వదిలేద్దాం."

అత్త ఎగాదిగా చూసి, "మొయ్యి మరి బిడ్డా. సగంల దించితే ఊకోను," అంది.

లెక్చరరమ్మ రోకలి మోస్తుందంటే ఊరు ఊరంతా బయటికొచ్చింది. మేడం కప్పకన్నా ఎక్కువ తడిసింది. చెలకలో గుడ్డ విప్పితే కప్ప కాసేపు కదల్లేదు. తర్వాత వెనక కాళ్ళతో మట్టి తోస్తూ, మా వైపే చూస్తూ, వెనక్కి వెనక్కి దిగింది. రెండు కళ్ళు మిగిలాయి, ఆపైన ఉత్త మట్టి. మేడం చప్పట్లు కొడుతూ ఏడ్చేసింది. అత్త ఆ చోట చెంబెడు నీళ్ళు పోసి, "పో తల్లీ, వానను తోలుకొనిరా," అంది.

వారం తిరక్కుండా వాన పడింది. కప్ప వల్లేనా అని అడిగితే మేడం నవ్వేది తప్ప అత్త మాట కాదనలేదు.

ట్రాక్టరాయన బూడిద దించబోతున్నాడు. మిల్లోళ్ళు ఇక్కడే పొయ్యమన్నరమ్మా అన్నాడు. నేనూ వాదించలేదు. కొంగు దోపుకున్నాను.

"అన్నా, జర అవతలి గడ్డకు పోనియ్యి. పార ఇటియ్యి, నేను గూడ ఎత్తిపోస్త."