గేజి మెసేజీలు ఎటు పోయాయి

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, డిసెంబరు మొదటి వారంలో, నన్ను రాజమండ్రిలోని మా టెలిఫోన్ సంస్థ కస్టమర్ సర్వీస్ సెంటరుకు ఇన్‌ఛార్జిగా వేశారు. హోదా సబ్ డివిజనల్ ఇంజనీరు. అంతవరకూ టవర్లు, ఎక్స్ఛేంజీలు చూసుకుంటూ వచ్చినదాన్ని. యంత్రం పాడైతే ఎక్కడ పాడైందో ఏదో ఒక దీపం వెలిగించి చెబుతుంది. కౌంటరు ముందుకొచ్చే మనిషి "పనిచెయ్యట్లేదండి" అని ఊరుకుంటాడు. ఏది, ఎప్పటినుంచి అని అడిగితే మనవైపే అనుమానంగా చూస్తాడు.

ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం పాత స్మార్ట్‌ఫోన్లలో మెసేజీల గురించే. మెమరీ నిండిపోయి కొత్తవి దిగకపోవడం, మెసేజ్ సెంటర్ నంబరు చెరిగిపోయి పంపినవి కదలకపోవడం, సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో ఒకే మెసేజ్ పదే పదే చేరడం. ఒకాయన తన వియ్యంకుడికి పంపిన "సరే" పదకొండుసార్లు వెళ్లి, ఆ రెండు ఇళ్ల మధ్య మాటలు ఆగిపోయిన కేసు కూడా నా చేతిమీదుగానే పరిష్కారమైంది. ఇప్పుడు చెప్పబోయేది వీటిలో దేనికిందికీ రాదు.

నేను చేరిన మూడో వారంలో ఇశ్రాయేలు గారు వచ్చారు. ధవళేశ్వరం నుంచి దిగువకు పారే కాలువల్లో ఒకదాని మీద, లాకుల దగ్గర లస్కరు ఆయన. లస్కరంటే కాలువ కాపలాదారు. నీళ్లు వదలడానికి తలుపులు ఎత్తడం, ఆపడానికి దించడం, గట్లు చూసుకోవడం, రోజూ ఉదయం గేజి మీద నీటిమట్టం చదివి పై అధికారికి తెలపడం ఆయన పని. సన్నటి మనిషి, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా. చేతిలో మార్జిన్ మడిచి రాసిన అర్జీ.

"మేడం గారండి, నేను మెసేజీలు పంపానని తమరో కాగితం ఇవ్వాలండి," అన్నారు.

ఎందుకని అడిగితే ప్లాస్టిక్ కవరులోంచి చార్జి మెమో తీశారు. ఆరోపణలు రెండు. ఒకటో తేదీ నుంచి గేజి రీడింగులు పంపలేదు, అందువల్ల కాలువ పొంగి ఇద్దరు రైతులు రెండో పంటకు పోసుకున్న దాళ్వా నారుమళ్లు మునిగాయి. ఆదేశం లేకుండా తూము తలుపు దించారు, ఇది రెండోది. ఎందుకు సస్పెండ్ చెయ్యకూడదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. సంతకం డిప్యూటీ ఇంజనీరు సూర్యనారాయణమూర్తి గారిది. ఇశ్రాయేలు గారికి ఉద్యోగం ఇంక అయిదు నెలలే ఉంది.

"మరి పంపలేదా?" అన్నాను.

"రోజూ పంపానండి. పొంగిన రోజు అయిదుసార్లు పంపానండి."

"ఫోన్ చేసి చెప్పలేకపోయారా?"

"చెయ్యకూడదని సర్క్యులరండి," అంటూ అదే కవరులోంచి ఇంకో కాగితం తీశారు. అదీ మూర్తి గారిదే, ఆ ఒకటో తేదీ నుంచే అమలు. రీడింగులు మెసేజ్‌గానే పంపాలి, ఫోన్లు చెయ్యరాదు. పొట్టి రాతలు మాని, పూర్తి తెలుగు వాక్యంలో, కొలమానంతో సహా రాయాలి. ఆదేశం లేనిదే తలుపులు కదపరాదు. అంతకుముందు లస్కర్లందరూ "4.6" అని అంకె ఒక్కటే కొట్టి పంపేవారట. మూర్తి గారికి తెలుగు మీద మమకారం ఎక్కువ. అంకె ఒక్కటే వస్తే అది నీటిమట్టమో జ్వరమో ఎలా తెలుస్తుందని ఆయన వాదన. లాకుల దగ్గర డేటా నిలవదు, వాట్సాప్ కుదరదు, కాబట్టి మామూలు మెసేజే గతి.

చందాదారుడు రాసిస్తే ఆయన నంబరు రికార్డు చూసే అధికారం మాకుంటుంది. చూశాను. మెసేజ్ ముందు మా మెసేజ్ సెంటరుకు వస్తుంది. అక్కణ్నుంచి అవతలి ఫోనుకు వెళుతుంది. ఆ ఫోను "అందింది" అని జవాబిస్తేనే మా రికార్డులో "డెలివర్డ్" అని పడుతుంది. ఇశ్రాయేలు గారు పంపిన ప్రతి మెసేజుకూ అది పడి ఉంది. అదే విషయం తెల్లకాగితం మీద రాసి, ముద్ర వేసి ఇచ్చాను. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని కవరులో పెట్టుకున్నారు.

మర్నాడు పది గంటలకే మూర్తి గారి ఫోను.

"డెలివర్డ్ అని రాసిచ్చారట. నాకు ఒక్కటీ రాలేదు. అంటే నేను అబద్ధమాడుతున్నానా అండి?"

"కాదండి. మీ ఫోనుకు చేరిందని మా రికార్డు. మీకు చేరిందని మేం రాయలేదు."

"నేనూ నా ఫోనూ వేరువేరా అండి?"

ఇలాంటివి ఫోన్లో తేలవని, వచ్చి చూస్తానని చెప్పాను. రమ్మన్నారు, గొంతులో ఆహ్వానం లేదు.

ఆ మధ్యాహ్నం వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. మూర్తి గారు అరవైకి దగ్గరపడ్డ మనిషి, బల్ల మీద ప్రతి వస్తువూ అంచుకు సమానంగా పెట్టుకునే రకం. ఆయన ఫోను ఎనిమిదేళ్ల నాటి స్మార్ట్‌ఫోను, కళ్లజోడు పెట్టె పక్కనే ఉంది. ఇశ్రాయేలు గారిని కూడా పిలిపించారు. కుర్చీ చూపించినా ఇశ్రాయేలు గారు కూర్చోలేదు.

నేను ముందుగా ఇశ్రాయేలు గారి చేత "నమస్కారం" అని పంపించాను. మూర్తి గారి ఫోను వెంటనే మోగింది. తర్వాత రోజూ పంపే వాక్యం మొత్తం పంపమన్నాను. "అయ్యా, నమస్కారం. నేటి ఉదయం ఆరు గంటలకు గేజి మీద నీటిమట్టం 4.6 అడుగులు. ఇట్లు, తమ విధేయుడు, లస్కరు ఇశ్రాయేలు." ఫోను మోగలేదు. అయిదు నిమిషాలు చూశాం. రాలేదు.

నాకు విషయం అర్థమైపోయిందనిపించింది. టీ వచ్చింది. తాగుతూ వివరించాను. ఒక మెసేజ్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే నూట అరవై పడతాయి, తెలుగైతే డెబ్బయ్యే. పైగా తెలుగులో గుడి, కొమ్ము, దీర్ఘం ఒక్కోటీ ఒక్కో అక్షరం కిందే లెక్క. డెబ్బై దాటితే మెసేజ్ రెండు ముక్కలై వెళుతుంది. పాత ఫోను ఒక ముక్క అందుకుని రెండోదాని కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. అదండీ సంగతి, అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాననుకుంటాను.

మూర్తి గారి మొహం విచ్చుకుంది. తప్పు తనదీ కాదు, తన ఫోనుదీ కాదు, వ్యాకరణానిది. అప్పటికప్పుడు టైపిస్టును పిలిచి కొత్త సర్క్యులరు చెప్పడం మొదలుపెట్టారు. "తెలుగు సందేశములు డెబ్బది అక్షరములకు మించరాదు..."

ఇశ్రాయేలు గారు ఆ మాట విని, టైపు పూర్తికాకముందే అమలుచేశారు. "4.6 అడుగులు" అని మాత్రం కొట్టి పంపారు.

ఫోను మోగలేదు.

"మేడం గారండి, ఇది డెబ్బైకి తక్కువేనండి," అన్నారు, నన్ను నొప్పించకుండా.

నేను టీ కప్పు కింద పెట్టేశాను. టైపిస్టు చేతులు ఆగిపోయాయి. "4.6" అని ఒక్కటే పంపమన్నాను. మోగింది. "నీటిమట్టం" పంపమన్నాను. మోగింది. "అడుగులు" పంపమన్నాను. లేదు. నా ఫోను తీసి నేనే "అడుగులు" అని పంపాను. లేదు. "గజాలు" పంపాను. మోగింది.

"మీ నెట్‌వర్కుకు అడుగులంటే పడదా అండి?" అన్నారు మూర్తి గారు.

ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉండి ఇలాంటి ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వస్తుందనుకోలేదు. నెట్‌వర్కు మెసేజ్‌ని చదవదు, మోస్తుంది అంతే. చదివేది ఫోను ఒక్కటే. "ఒకసారి మీ ఫోను ఇవ్వండి," అన్నాను. ఆయన కాసేపు తటపటాయించి, తాళం తీసి, తెర నావైపు తిప్పి, ఫోను మాత్రం తన చేతిలోనే పట్టుకున్నారు. వేలితో ఎక్కడ నొక్కాలో నేను చెబుతుంటే ఆయన నొక్కుతూ వెళ్లారు. మెసేజీల సెట్టింగుల్లో అడుగున స్పామ్ అని ఒకటి ఉంటుంది. అందులో మనం ఏదైనా మాట రాసిపెడితే, ఆ మాట ఉన్న ప్రతి మెసేజునూ ఫోను చప్పుడు చెయ్యకుండా వేరే పెట్టెలో పడేస్తుంది. మూర్తి గారి జాబితాలో ఒకే ఒక్క మాట ఉంది. "అడుగుల".

"ఇది ఎవరు రాశారండి?" అన్నాను.

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. "నేనే."

ఏడాది కిందట ఇళ్లస్థలాల ప్రదర్శన ఒకదానికి వెళ్లి, అక్కడి పుస్తకంలో తన నంబరు రాసి వచ్చారట. అప్పటినుంచి ప్రకటనల వర్షం. ప్రతిదాంట్లోనూ "నలభై అడుగుల రోడ్లు" ఉండేది. ఒక ఆదివారం కూర్చుని, ఈ ఏర్పాటు ఆయనే కనిపెట్టి చేసుకున్నారు.

"తర్వాత అవి రావడం మానేశాయండి. మార్కెట్ పడిపోయిందనుకున్నాను."

"కానీ ఇశ్రాయేలు రాసింది 'అడుగులు' కదండి, 'అడుగుల' కాదు," అని ఆయనే మళ్లీ అన్నారు. ఆ పరిస్థితిలోనూ విభక్తి వదల్లేదు. నేను చెప్పాను. ఫోనుకు కొమ్ము వేరే అక్షరం. "అడుగులు"లో చివరి కొమ్ము తీసేస్తే మిగిలేది "అడుగుల". ఆ అక్షరాలు వరసగా కనిపిస్తే చాలు, దాని పని అది చేస్తుంది.

స్పామ్ పెట్టె తెరిపించాను. స్థలాల ప్రకటనల మధ్య మధ్య ఇశ్రాయేలు గారి రీడింగులు, ఒకటో తేదీ నుంచి ఒక్కరోజు తప్పకుండా. కాలువ పొంగిన రోజువి మూర్తి గారు పైకే చదివారు, మా ఇద్దరి కోసం కాదనుకుంటాను. ఉదయం 4.6 అడుగులు. తర్వాత 5.2 అడుగులు, ఆదేశం కోరుచున్నాను. హైవే పక్కనే తూర్పు ముఖం స్థలాలు, నలభై అడుగుల రోడ్లు, త్వరపడండి. 5.6 అడుగులు, తలుపు దించుటకు అనుమతి కోరుచున్నాను. 5.9 అడుగులు. ఆఖరిది ఇలా ఉంది: "అయ్యా, నమస్కారం. నీటిమట్టం 6.1 అడుగులు. నా వల్ల తప్పేదైనా జరిగి తమరు మాట్లాడ్డం మానేసి ఉంటే క్షమించగలరు. తలుపు దించేస్తున్నాను. ఇట్లు, తమ విధేయుడు, లస్కరు ఇశ్రాయేలు."

మూర్తి గారు ఫోను బల్ల మీద పెట్టి, "మరి మిగతా లస్కర్ల మెసేజీలు వస్తున్నాయి కదా," అన్నారు. జవాబు ఆ ఫోనులోనే ఉంది. మిగతా ఆరుగురూ సర్క్యులరు చదివి పక్కన పెట్టి, పాత పద్ధతిలోనే అంకె కొట్టి పంపుతున్నారు. సర్క్యులరును అక్షరాలా పాటించినవాడు ఒక్కడే. మెమో అందుకున్నదీ అతనే.

తర్వాత మిగిలింది కాగితం పని, అది ఫోను కంటే ఎక్కువసేపు పట్టింది. ఇచ్చిన మెమో వెనక్కి తీసుకోవాలంటే ఫైలులో కారణం రాయాలి. "సాంకేతిక కారణముల వలన" అని రాద్దామన్నారు మూర్తి గారు. అలా రాస్తే ఏ సాంకేతిక కారణమని మా పైవాళ్లు నన్ను అడుగుతారని ఒప్పుకోలేదు. చివరికి నా నివేదికలో మూడే వాక్యాలు రాశాను. పంపినవారి వైపు లోపం లేదు. నెట్‌వర్కులో లోపం లేదు. అందుకున్నవారి ఫోనులో ఒక మాట నిరోధించబడి ఉన్నది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, కింద "చూశాను, నిజమే" అని రాసి సంతకం చేశారు. "నిజమే" అన్నది రాయనక్కరలేదు. అయినా రాశారు.

రెండో ఆరోపణ గురించి నేను అడగలేదు. ఆయనే ఎత్తారు. ఆ తలుపు దించకపోతే రెండు నారుమళ్లతో పోయేది కాదని, దిగువ రెండు ఊళ్లూ మునిగేవని ఇశ్రాయేలు గారి ఎదుటే అన్నారు. ఆ రైతులిద్దరి దగ్గరికీ తనే వెళ్లి జరిగింది చెబుతానన్నారు. వెళ్లారని తర్వాత విన్నాను. పక్క పొలాలవాళ్లు నారు సర్దారట, నాట్లు ఓ వారం ఆలస్యంతో పడ్డాయి.

నేను లేవబోతుంటే ఇశ్రాయేలు గారు గొంతు సవరించుకున్నారు.

"అయ్యా, రేపట్నుంచి అడుగులు రాయమంటారా, వద్దంటారా అండి?"

మూర్తి గారు ఆలోచించి, "మీటర్లలో రాయండి," అన్నారు.

"ఆయ్, అలాగేనండి. కానీ గేజి అడుగుల్లో ఉందండి."

అప్పుడు మూర్తి గారు నవ్వారు. నేను చూసినంతలో అదే మొదటిసారి. జాబితాలోంచి ఆ మాట తీసేశారు. మేం మెట్లు దిగేలోపే ఆయన ఫోను రెండుసార్లు మోగింది. రెండూ స్థలాల ప్రకటనలేనని టైపిస్టు కిటికీలోంచి చెప్పింది.

ఇశ్రాయేలు గారు ఆ మే నెలలో ఏ మచ్చా లేకుండా రిటైరయ్యారు.

ఈ కేసు తర్వాత నా సెంటరులో రెండు మార్పులు చేశాను. మెసేజ్ రాలేదన్న ఫిర్యాదు వస్తే, టవరును, పంపినవారిని అనుమానించేముందు అందుకోవలసినవారి ఫోను తెరిచి చూడాలి, ఆయన ఎంత పెద్ద హోదాలో ఉన్నా సరే. పరీక్ష పూర్తికాకుండా కౌంటరులో ఎవరూ కారణం చెప్పకూడదు. ఈ రెండోది మా సిబ్బందికోసమే పెట్టానని అందరూ అనుకున్నారు. పెట్టింది నాకోసం.