మూడో అల

వీధిలో అందరూ ఆమెను లేతమ్మ అంటారు. లేతు మిషను మీద కుర్చీకాళ్లు నున్నగా తీసే మనిషి గనుక ఆ పేరు. స్వభావంలో మాత్రం లేతదనం మచ్చుకైనా లేదు. భర్త పోయాక ఎవరినీ ఒక పట్టాన నమ్మడం మానేసింది.

షెడ్డు మారినప్పుడు చిక్కొచ్చిపడింది. కొత్తచోట ఒక్క ఫేజు కరెంటే ఉంది. మోటారుకు మూడు కావాలి. టీవీలు బాగుచేసే మరిది ఒక బోర్డు తయారుచేసి తెచ్చాడు. అందులో వేలెడంత చిప్పు ఆ ఒక్క ఫేజు కరెంటునే మూడు అలలుగా లెక్క కట్టి పంపుతుంది. ఒకటి లేచాక కాస్త ఎడంతో రెండోది, దాని వెనకే మూడోది. ఆ వరసకే మోటారు తిరుగుతుంది. మొదటిరోజు వెన్నలా తిరిగింది.

తర్వాత మధ్యాహ్నాలు గుర్రుమని మూలిగి ఆగిపోవడం మొదలుపెట్టింది. కబురంపితే మరిది వచ్చేవాడు, తలుపేసుకునేవాడు, కాసేపటికి తిప్పి చూపించేవాడు.

“ఏం చేశావయ్యా?”

“ఏదో చిన్న సర్దుబాటు వదినా.”

లేతమ్మకు ఒళ్లు మండింది. తను లేకపోతే గడవకుండా చిప్పులో ఏదో మెలిక పెట్టాడు, షెడ్డు మీద కన్నేశాడు అనుకుంది. చిప్పు పీకి పక్కవీధి మెకానిక్కుకు చూపించింది. లోపలి ప్రోగ్రాము ఎవరూ చదవకుండా తాళం వేసి ఉందన్నాడతను. దాంతో అనుమానం కాస్తా రూఢి అయిపోయింది.

చిప్పు మళ్లీ గుచ్చి మరిదికి కబురంపింది. ఈసారి అతను తలుపేసుకోగానే కిటికీ సందులోంచి తొంగి చూసింది. అతను స్టూలు మీద కూర్చుని, అట్టముక్కతో బోర్డుకు విసురుతున్నాడు. అంతకుమించి ఏమీ చేయడం లేదు.

తలుపు నెట్టుకుని లోపలికి వెళ్లింది. “ఇదా నీ సర్దుబాటు?”

మరిది తల దించుకున్నాడు. “చల్లారితే తిరుగుతోంది వదినా. ఎందుకో నాకూ అంతుపట్టడం లేదు. చెబితే నన్ను కాదని ఇంకొకణ్ణి పిలుస్తారని...”

“మరి చిప్పుకు ఆ తాళం?”

“అదీ అందుకే. నా పని ఎవడైనా ఎత్తుకుపోతాడని.”

“అంటే నన్ను నమ్మలేదన్నమాట.”

“మీరు నమ్మారా?”

లేతమ్మ వెళ్లి తలుపు బార్లా తీసింది. “ఆ అలలేవో నాకూ చూపించు,” అంది.

కరెంటు అలలు గీతలుగా కనిపించే తెర ఉన్న మీటరు తెచ్చి బోర్డుకు తగిలించాడు. వేడెక్కేదాకా మోటారు తిప్పారు. అది మూలిగేసరికి తెర మీద మూడో అల చదునుగా పడిపోయింది. ఆమె టార్చి పట్టుకుంటే అతను ఎండుపుల్లతో బోర్డు మీది ఒక్కో అతుకూ తట్టుకుంటూ పోయాడు. ఒకచోట తట్టగానే అల లేచి కూర్చుంది. టంకంలో వెంట్రుకంత పగులు. వేడికి విచ్చుకుంటోంది, చల్లారితే అతుక్కుంటోంది. కరెంటు తీసేసి, అక్కడ మళ్లీ టంకం వేశాడు.

ఆ తర్వాత మోటారు ఆగలేదు. మర్నాడు మరిది తాళం లేని ఇంకో చిప్పు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

“దాచుకోండి వదినా.”

“ముందు ఇది తిరుగుతుందో లేదో చూపించు,” అంది లేతమ్మ.

అతను పాతది పీకి కొత్తది గుచ్చాడు.