రాయొద్దు, ఫోన్ చెయ్యి

మా ఆయన కంపెనీ లాయరు. కంపెనీ మీద ఈగ వాలకుండా చూడడమే ఆయన ఉద్యోగం. ప్రమాదం సంగతి ఎవరైనా కాగితం మీద పెడితే, రేపు కోర్టులో అదే కంపెనీ మెడకు చుట్టుకుంటుందని ఆయన భయం. అందుకే అందరికీ ఒకటే మంత్రం: "రాయొద్దు, ఫోన్ చెయ్యి."

మా తమ్ముడు అదే కంపెనీ గోదాములో సూపర్‌వైజరు. సరుకుల లిఫ్టు ఇనుపతాడు పోగులు తెగుతున్నాయని బావకు ఫోన్ చేశాడు. చెప్పినట్టే ఎక్కడా రాయలేదు, పిచ్చి సన్నాసి. "నేను చూసుకుంటాలే" అన్నారు ఈయన. పైవాళ్లకు చెబితే, రేపు కోర్టులో వాళ్లకూ ముందే తెలిసినట్టే అవుతుంది కదా! అందుకని ఆ మాట కడుపులోనే దాచుకున్నారు ఈ మహానుభావుడు.

లిఫ్టు తెగిపడి ఒక కూలీ కాళ్లు నుజ్జయ్యాయి. ముందుగా తెలియజేయలేదన్న నేరం మోపి మా తమ్ముణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ ఉత్తర్వు రాసింది మా ఆయనే. దాన్ని మాత్రం చక్కగా కాగితం మీదే పెట్టారు.

సాయంత్రం తమ్ముడు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నీకు చెప్పాను కదా బావా?"

మా ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు.

"ఎక్కడైనా రాసిచ్చావా?"