ఉంటలవ్వ

నా నోరు మంచిది కాదని పెనుకొండలో అందరూ అంటారు. అననీ. రహమత్‌బీ సంగతి చెప్పాలంటే నాలాంటి నోరే కావాల. మెత్తగా మాట్లాడేవాళ్ళు చెప్తే ఎవురో దేవత గురించి చెప్పినట్ల ఉంటాది. దేవతా లేదు, గీవతా లేదు. మొగుడు పోయినాంక బొరుగుల బట్టీ పెట్టుకోని, పొగలో కండ్లు ఎర్రజేసుకోని, ఒక్కగానొక్క కూతురు రిహానాను సాకి పెండ్లి చేసిన మనిషి. ఉత్త మొండిది. నాతో రోజూ కొట్లాడేది. సొంత చెల్లెలుండినా నేను అంత కొట్లాడుండను.

వానల్లేక చెనిక్కాయ చేలన్నీ ఎండిపోయిన ఏడు, రెండువేల రెండు అనుకుంటా, యూనివర్సిటీవాళ్ళు మా ఊరికి వచ్చిరి. పోషకాహారం కార్యక్రమమంట. కడుపుతో ఉండే ఆడోళ్ళకి ఈ పక్క రక్తం తక్కువంట, ఒక ఏడాది మంచి తిండి పెట్టి సూస్తారంట. పద్మావతి మేడమ్ అని చిన్న వయసు పంతులమ్మ దానికి పెద్ద. రాగిపిండి, వేంచిన చెనిక్కాయ పప్పులు, నువ్వులు, బెల్లం కలిపి ఉంటలు చుట్టాల. వేంచేదానికి రహమత్‌బీ, దంచేదానికి నేను. అట్ల ఇద్దరం ఒక పొయ్యి కాడ చేరితిమి.

మొదట్లో ఉంటలు పొట్లం కట్టి ఇంటికి పంపిస్తాంటిమి. నెలలు పోయినా ఎవురికీ రక్తం పెరగలా. మేడమ్ తల పట్టుకున్యాది. "తింటాండారా అమ్మా?" అని అడిగితే, "తింటాండాం మేడమ్" అని అందరూ ఒకే పాట. యాడ తింటారు? ఇంట్లో పిల్లోళ్ళుండారు, మొగుడుండాడు, మామ ఉండాడు. వాళ్ళందరి నోర్లు దాటినాంక కదా ఆడదాని నోరు!

ఆ ముడి విప్పింది రహమత్‌బీనే. "ఇంటికియ్యడం లేదు. ఈడనే తినాల, నా ముందర తినాల" అనింది. పొద్దున వచ్చినోళ్ళని వరసగా కూర్చోబెట్టి, చేతిలో ఉంట పెట్టి, మింగేదాకా కదలకుండా నిలబడతాండె. పైగా "నోరు తెరువు" అని తెరిపిచ్చి సూస్తాండె. ఎంత తిట్టినారో ఆయమ్మని! పోలీసమ్మ అని పేరు పెట్టిరి. 

గౌరి అని గొర్రెలోళ్ళ కోడలు ఒకతి ఉండె. అది అందరికన్నా ఘటికురాలు. కొరికినట్ల కొరికి, ఉంటని చీర కుచ్చెళ్ళలో దోపుకున్యాది. రహమత్‌బీ చెయ్యి పట్టుకోని లాగితే ఉంట కింద పడె.

"ఇంటికి పోయి తింటా అత్తా" అనింది గౌరి.

"ఎవురికి చెప్తాండావే? మీ పెద్ద పిల్లోనికే కదా ఇది? వానికి ఇంకొకటిస్తా తీసుకపో. ఇది మాత్రం నువ్వు తినాల."

గౌరి ఏడ్చేసినాది. "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కానుపు కష్టమైతాదంట అత్తా. మా అత్త చెప్పినాది. నాకు బయమైతాంది."

రహమత్‌బీ దాని కింది రెప్ప లాగి సూసింది. కండ్ల లోపల ఎర్రన అనేదే లేదు. "బిడ్డ పెద్దదై ఎవురూ చావరే పిచ్చిముండా. రక్తం లేకనే చస్తారు" అని కసిరి, తినేదాకా దాని ఈపు నిమురుతానే ఉండె. ఆ బయం పోయినాంక గౌరినే అందరికన్నా ముందొచ్చి కూర్చుంటాండె. మెల్లమెల్లగా అందరికీ రక్తం పెరగబట్టె. మేడమ్ మొగంలో నవ్వొచ్చె.

ఈ మద్దెలో రిహానాకి నెల తప్పినాది. దాన్నిచ్చింది ధర్మవరంలో, మగ్గాల వీధిలో. మొగుడు మసూద్ కూలికి పట్టుచీరలు నేస్తాడు. వీళ్ళంతా దూదేకులోళ్ళు, మన మాదిరే తెలుగులోనే మాట్లాడతారు. మసూద్ మంచోడు, నోట్లో నాలిక లేనోడు. అత్త హుస్సేన్‌బీ గూడా చెడ్డ మనిషి కాదు. చెడ్డదై ఉంటే బాగుండు, తిట్టుకునేదానికైనా ఒక మనిషి దొరికుండు నాకు.

రిహానాకి అయిదో నెల పడినప్పటి నుంచి ప్రతి ఆదివారం రహమత్‌బీ సొంత రాగులతో, సొంత బెల్లంతో ఉంటలు చుట్టి, డబ్బా నిండా ఎత్తుకోని ప్యాసింజరెక్కి ధర్మవరం పోతాండె. తొలికానుపు పుట్టింట్లోనే కదా, ఏడో నెలలో పిల్చకపోతామని అడిగితే, హుస్సేన్‌బీ "పెండ్లిండ్ల కాలం వదినా, చీర మగ్గం మీద ఉండాది. దారం కండెలు చుట్టే చెయ్యి అదొక్కటే. ఇది నేసి మగ్గం మీద నుంచి తెగినాంక పంపిస్తాం" అనింది. ఒక చీర తెగితే ఇంకొకటి ఎక్కె. 

"ఏమ్మే, పిల్ల తింటాందా లేదా సూసినావా?" అని నేనడిగితే, "తింటాండా అమ్మా అని చెప్పింది కదక్కా" అంటాది. 

"గౌరి గూడా అట్లనే చెప్పె. పక్కన కూర్చోని తినిపించు."

"నీకు తెలీదా అక్కా? వియ్యంకులింట్లో కూర్చోని నా బిడ్డ నోరు తెరిచి సూస్తే, మీరు కూడు పెట్టడం లేదని వాళ్ళ మొగాన ఉమ్మినట్ల కాదా? డబ్బా అత్త చేతికిచ్చి, నీళ్ళు తాగి, వచ్చే బండికే వచ్చేస్తాండా." 

నా బిడ్డైనా నేనూ అట్లనే చేసుందును.

ఎనిమిదో నెలలో ఒక ఆదివారం, రిహానాను సూసొస్తామని నేనూ దానెమ్మట పోతి. మగ్గాల వీధి మొగదల్లోకి పోయినామో లేదో, యాడ నుంచి వచ్చిరో పిల్లోళ్ళు, "ఉంటలవ్వ వచ్చె! ఉంటలవ్వ వచ్చె!" అని అరుచుకుంటా చుట్టుకున్యారు. రహమత్‌బీ మొదట నవ్వింది. ఒక పిల్లోని బుగ్గ గిల్లింది. అప్పుడు యల్లక్క అని ఆ వీధిలో ఉండే ఆమె, పట్టు కండె చేతిలో పట్టుకోనే వాకిట్లోకొచ్చి పలకరించె.

"ఏం ఉంటలు తల్లీ అవి! ఆదివారం వస్తే ఈ వీధిలో పిల్లోళ్ళు పొద్దున సంగటి ముట్టుకోరు, నీ కోసరమే సూస్తాంటారు. హుస్సేన్‌బీది మంచి చెయ్యి, ఒక్క ఇల్లు గూడా తప్పిపోనీకుండా పంచుతాది."

రహమత్‌బీ నవ్వు ఆడనే ఆగిపోయె. నా పక్క సూసింది. ఆ సూపు నేను సచ్చేదాకా మరిచిపోను.

ఇంట్లోకి పోయి చెప్పులు గూడా ఇడవలా. కండెలు చుట్టుకుంటా ఉన్న కూతురు కాడికి నేరుగా పోయి, గడ్డం ఎత్తి, కింది రెప్ప లాగింది. నేనూ సూస్తి. సున్నం కొట్టిన గోడ ఉండాది లోపల.

"ఎన్ని తిన్నావే?"

రిహానా తల వంచుకున్యాది. "పంచినాంక ఒకటి తింటాంటి అమ్మా."

"డబ్బా నిండా తెస్తి కదే! ఒక్క మాట చెప్పలేకపోతివా?"

"అందరూ నీ పేరే చెప్పుకుంటాండిరి అమ్మా. మీ అమ్మ చెయ్యి ఎంత మంచిదే అని. నాకు బాగుండె."

హుస్సేన్‌బీ బిత్తరపోయి నిలబడింది. "పుట్టింటోళ్ళు తెచ్చిన పలారం ఇంట్లో దాచిపెట్టుకుంటే ఎట్ల వదినా? కడుపుతో ఉండే పిల్లకి నరదిష్టి తగలదా? పది ఇండ్లకి పంచితేనే బిడ్డకి మంచిదని పంచితి. నీ పేరు నిలబడాలని పంచితి. అల్లా సాచ్చిగా నేను ఒకటి గూడా నోట్లో పెట్టుకోలేదు." 

అదీ నిజమే. ఆయమ్మ కండ్లు గూడా తెల్లగానే ఉండాయి. ఇంక ఎవుర్ని తిట్టేది?

"ఇప్పుడే తీసుకపోతా" అని కూర్చున్యాది రహమత్‌బీ. మసూద్ చేతులు జోడించె. "అత్తా, మగ్గం మీద చీర బుదవారానికి తెగుతాది. బేస్తవారం నేనే తెచ్చి ఇడుస్తా. నీ కాళ్ళు మొక్కుతా." అడిగినోడు మంచోడు కదా, కాదని ఎట్లంటాది? సరే అనింది. ఆ దినం మాత్రం సిగ్గు ఇడిచి కూతురి ముందర కూర్చోని రెండు ఉంటలు తినిపిచ్చింది. వియ్యపరాలు సూస్తానే ఉండె. బయట పిల్లోళ్ళు వాకిట్లో నిలబడుకోనే ఉండిరి.

బుదవారం పొద్దున బజార్లో ఫోను బూతు నుంచి పిలుపొచ్చె. రిహానాకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చినాయంట, రక్తం పోతాందంట, అనంతపురం పెద్దాసుపత్రికి ఎత్తకపోయినారంట. పొయ్యి మీద రాగులు అట్లనే మాడిపోతాండాయి, మేమిద్దరం బస్సు కోసరం రోడ్డెమ్మట పరిగెత్తితిమి. 

మేం పోయేసరికి ఆడబిడ్డ పుట్టి ఉండాది. గుప్పెడంత ఉండాది, ఏడుస్తాంది. తల్లికి మాత్రం రక్తం ఆగడం లేదు. ఆ గ్రూపు రక్తం ఆడుండేదంతా ఎక్కిచ్చేసినారు, ఇంకా కావాల, తొందరగా తేండి అని డాక్టరమ్మ మొత్తుకుంటాంది. రహమత్‌బీ చెయ్యి చాపింది. "నాది తీసుకోండి. నా బిడ్డది, నాది ఒకటే ఉంటాది." 

నర్సమ్మ ఆమె కింది రెప్ప లాగి సూసి, చెయ్యి కిందికి పెట్టేసినాది. "నీకే ఎక్కించాలమ్మా రక్తం." 

నాకు ఒళ్ళు మండిపోయె. "ఏడాదంతా ఉంటలు చుట్టినావు కదే! ఊర్లో వాళ్ళ నోర్లన్నీ తెరిచి సూస్తివి కదే! నువ్వు ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదా?" అని ఆసుపత్రి అని గూడా సూడకుండా అరిస్తి. నాది ఇస్తామంటే నా గ్రూపు కలవలా. మసూద్‌ది కలవలా.

అప్పుడొచ్చింది ఆ వీధి. యల్లక్క, ఆమె మొగుడు పుల్లన్న, ఇంకా మగ్గాలు ఇడిచిపెట్టి ఆడోళ్ళు, మొగోళ్ళు, టెంపో నిండా దిగిరి. "ఉంటలవ్వ బిడ్డ కదా, మా రక్తం తీసుకోండి" అని వరసగా నిలబడిరి. నర్సమ్మ ఒకొకరి రెప్పా లాగుతాంది, పక్కకి పంపిస్తాంది. లాగుతాంది, పంపిస్తాంది. అన్నీ తెల్ల కండ్లే. ఎండలేని మగ్గం గుంతల్లో కూర్చోని నేసి నేసి, పస్తులుండి పస్తులుండి, ఆ వీధిలో ఒకరికిచ్చేంత రక్తం యాడుండాది? యల్లక్క "నాది సూడమ్మా, నేను గట్టిదాన్ని" అని రెండోసారి వరసలోకొచ్చి నిలబడె. కడాకి పుల్లన్నది ఒక్కటి కలిసె. ఒక సీసా తీసిరి. ఆ ఒక సీసా చాలలా.

పొద్దు గూకక ముందే రిహానా పాయె. 

రహమత్‌బీ ఏడ్వలా. ఆ వీధోళ్ళందరినీ ఒకొకర్నే సూసుకుంటా కూర్చున్యాది. ఆదివారం నుంచి వాళ్ళ మీద పెట్టుకున్న కోపం యాడ పెట్టుకోవాలో తెలీక కూర్చున్యాదని నాకు అర్తమాయె. వాళ్ళు తిన్నది దొంగకూడు కాదు. ఆకలికే తినిరి.

బిడ్డని పెనుకొండకి తెస్తిమి. పాలెట్ల అని నేను తల పట్టుకుంటే, గౌరి వచ్చి అడక్కుండానే ఎత్తుకున్యాది. దానికి అప్పటికే కొడుకు పుట్టి ఉండాడు, గుండులాంటోడు. "అత్తా, నువ్వు పెట్టిన ఉంటలే కదా ఈ పాలు" అని ఒక పక్క కొడుక్కి, ఒక పక్క ఈ పిల్లకి ఇచ్చేది.

ఏడాది నిండినాదని యూనివర్సిటీవాళ్ళు హిందూపురంలో పెద్ద మీటింగు పెట్టిరి. మేడమ్ ముందే ఇంటికొచ్చి, రహమత్‌బీ చేతులు పట్టుకోని ఏడ్చి, "నువ్వు రావద్దులేమ్మా" అనింది. "వస్తా" అనింది ఈ మొండిది.

హాలు నిండా జనం. ఎవురో పెద్ద సారు మైకు పట్టుకోని ఏడాదిలో సాధించినవన్నీ చెప్పుకుంటా పోయె. అందరికీ రక్తం పెరిగినాదంట, పుట్టిన బిడ్డలు మంచి బరువున్యారంట. "అన్నిటికన్నా గర్వించాల్సింది ఏమంటే, మన కార్యక్రమంలో ఒక్క తల్లి కూడా చనిపోలేదు" అనె. చప్పట్లే చప్పట్లు. అబద్దం కాదు. ధర్మవరం ఆ కార్యక్రమంలో లేదు కదా. నాకు మాత్రం లేచి ఆ మైకు పీకేయాలనిపిచ్చె. మేడమ్ తల ఎత్తలా.

రహమత్‌బీని పిలిచి శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమనిరి. మైకు పట్టుకున్యాది.

"సారు చెప్పింది నిజమే. నేను నోరు తెరిచి సూసినోళ్ళెవురూ చావలేదు" అనింది. "నా బిడ్డకి మాత్రం మర్యాద సూసుకుంటి. నోరు సూడలా."

అంతే, దిగొచ్చేసినాది. ఎవురూ చప్పట్లు కొట్టలా.

హిందూపురం స్టేషన్లో ప్యాసింజరు ఆలస్యమాయె. గౌరి బెంచీ మీద కూర్చోని, కొంగు కప్పుకోని రిహానా బిడ్డకి పాలిస్తాంది. రహమత్‌బీ ఆ పక్కనే, శాలువా ఒళ్ళో మడిచి పెట్టుకోని కూర్చున్యాది. పొద్దున నుంచి ఏమీ తినలేదు. కూతురు పోయినాంక ఏం తింటాందో నాకు తెల్దు. మీటింగులో పంచిన ఉంట ఒకటి నా కాడ ఉంటే తీసి చేతిలో పెడ్తి.

"తిను."

ఆయమ్మ దాన్ని మెల్లగా కొంగు కొసన ముడేయబట్టె. "ఇంటికి పోయి తింటా అక్కా" అనింది.

ముడి విప్పి, ఉంట తీసి, ఆయమ్మ ముందరికి పోయి నిలబడితి.

"ఎవురికి చెప్తాండావే? నా ముందర తిను. తిన్నాంక నోరు తెరువు."

నా మొగం పక్క సూసింది. ఉంట కొరికింది. నమలలేక నమలలేక నమిలింది. అప్పుడు ఏడ్చినాది, కూతురు పోయినాంక మొదటిసారి. ఏడుస్తానే తినింది, తినినాంక చిన్నపిల్ల మాదిరి నాకు నోరు తెరిచి సూపిచ్చింది. బండి వచ్చేదాకా నేను ఆడనే నిలబడుకోని ఉంటి.