కండెల మిషన్ మీద నేర్చిన సంతకం

బ్యాంకులోకి వెళ్లాలంటే చెప్పులు బయట విడవాలేమో అనుకునే కాలం అది. సూరత్‌కు వచ్చి మగ్గాల చప్పుడుకు చెవులు అలవాటుపడ్డాయి గానీ, బ్యాంకు మెట్లకు కాళ్లు అలవాటుపడలేదు. అప్పట్లో మా బమ్రోలి ఇంకా ఊరే. అటు పాండేసరా కార్ఖానాలు, ఇటు బర్రెలు, బురద. బ్యాంకు మా దగ్గరికి రాదు, మేం దాని దగ్గరికి పోం. అలాంటిది ఒక మంగళవారం నీలం రంగు వ్యాను ఒకటి వచ్చి పంచాయతీ ఆఫీసు ముందు ఆగింది. లోపల ఒక సారు, ఒక కంప్యూటర్, దానికి కరెంటు ఇచ్చే జనరేటరు. మన సంతకాన్ని ఫోటో తీసి లోపల దాచుకుంటుందట, ఎప్పుడు అడిగితే అప్పుడు చూపిస్తుందట అని వాడంతా ఒకటే ముచ్చట. (నేనైతే ఆ పెట్టె వెనక్కి తొంగి చూశాను, ఎవరైనా దాక్కుని గీస్తున్నారేమోనని.)

మా ఆయన పోయిన రెండో ఏడు అది. ఆయన పోయినప్పుడు కార్ఖానా వాళ్లు ఏదో కాగితం మీద నా బొటనవేలు పట్టుకుని అద్దించి, తుడుచుకోమని మగ్గం కింద పడి ఉన్న నూనె పేలిక ఇచ్చారు. ఆ మరక నాలుగు రోజులుంది. ఇంకోసారి ఎవరికీ వేలు ఇవ్వనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. నేను దారం కండెలు చుట్టే మిషన్‌కు అవతలివైపు ఒక అక్క నిలబడేది. అందరూ కండెలక్క అనేవాళ్లు. ఐదో తరగతి దాకా చదివింది కాబట్టి మాలో ఆమే కలెక్టరు. "సంతకమే గదనే, నేను నేర్పుత తియ్" అంది. మా ఇద్దరి మధ్య మూరెడు వెడల్పు రేకు. ఒక కండె నిండేలోపు ఆమె అటునుంచి సుద్దముక్కతో నా పేరు రాసేది, నేను ఇటునుంచి చూసి పక్కనే అచ్చం అలాగే గీసేదాన్ని. "శెభాష్, ముత్యాలోలె ఉన్నయ్" అనేది. నెల తిరిగేసరికి కళ్లు మూసుకుని గీసేంత అయ్యాను.

వ్యానులో ఖాతా తెరిచిన రోజు కళ్లద్దాల సారు కార్డును తనవైపు తిప్పుకుని, గడి మీద వేలు పెట్టి "యహా" అన్నాడు. నేను బల్ల మీదికి వంగి గీసేశాను. సారు చూసి "వాహ్ బెహెన్!" అన్నాడు. నా వెనక వాళ్లంతా సిరా వేళ్లు తుడుచుకుంటుంటే, నేను వకీలు పరీక్ష పాసైనదానిలా కిందికి దిగాను.

ఏడాది గడిచింది. అన్నాళ్లూ డబ్బు వేయడమే గానీ తీసింది లేదు. ఊళ్ల నుంచి ఒంటరిగా వచ్చి మగ్గాలు నడిపే పిల్లలు మంచి తిండికి అల్లాడుతుండేవాళ్లు. వాళ్లకు ఇంత అన్నం, పచ్చిపులుసు పెట్టే మెస్ పెట్టుకుంటే ఈ కండెల నుంచి బయటపడతానని నా ఆశ. రోడ్డు మీదికి ఒక గది ఖాళీ అయింది. గది శేఠ్ ఖరాఖండీగా చెప్పాడు: మంగళవారం మధ్యాహ్నం పన్నెండులోపు అడ్వాన్సు తెస్తే గది నాది, లేదంటే పాన్ డబ్బా నడిపే ఆయనది. వ్యాను వచ్చేదీ మంగళవారమే.

పొద్దున్నే వరుసలో నిలబడ్డాను. ఈసారి కొత్త సారు, మీసాలు ఇంకా సరిగ్గా రాలేదు. డబ్బు తీసే స్లిప్పు నా ముందు పెట్టాడు. ముత్యాల్లా సంతకం చేసి ఇచ్చాను. ఆయన కంప్యూటర్ చూశాడు, స్లిప్పు చూశాడు, మెడ వంకర చేసి మళ్లీ చూశాడు.

"బెహెన్, యే ఉల్టా క్యోం లిఖా?"

"ఉల్టా కాయ్‌కు సాబ్? సీదాచ్ హై!"

ఇంకో స్లిప్పు ఇచ్చాడు. మళ్లీ అంతే. స్లిప్పును తిప్పి చూస్తే అక్షరం అక్షరం సరిపోతోందట, అదే ఆయన అనుమానం. తన పేరు తానే తలకిందులుగా ఎవరు రాసుకుంటారు? ఎవరిదో చూసి గీస్తున్నానని అనుకున్నాడు. పోనీ వేలిముద్ర వేస్తానందామంటే (ఒట్టు కూడా తీసి గట్టున పెట్టాను) పెద్ద బ్రాంచికి వెళ్లి ఖాతా మార్పించుకోవాలట, రెండు రోజులు పడుతుందట. నాకు ఉన్నది గంట.

వెనక నుంచి ఒకామె "ఓ వదినె, సంతకం జేస్తున్నవా, ముగ్గేస్తున్నవా? జర జరుగు!" అంది. అందరూ నవ్వారు. "నేను జరగ. నా పైసల్ నాకు ఇచ్చేదాక జరగ" అన్నాను. ఆరో స్లిప్పు కూడా అయిపోయింది. ఎవరో జాలిపడి కార్ఖానాకు పరుగెత్తి కండెలక్కను పిలుచుకొచ్చారు. తలనిండా దారం నూగుతో వచ్చి, నా భుజం మీద నుంచి చూసింది.

"అయ్యో పిచ్చిదానా, తలకాయ కిందికి, కాళ్లు మీదికి రాస్తున్నవేందే!"

"నువ్వు నేర్పినట్టే రాస్తున్న!"

"నేను సీదా నేర్పిన!"

"నీ దిక్కు సీదా! నా దిక్కు?"

అక్క నేను గీసిన స్లిప్పును అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. నెల రోజులు రేకుకు అటుపక్క నిలబడి నా రాత చదివింది కదా, ఆమెకు అంతా సరిగ్గానే కనిపించింది మరి. తర్వాత చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూనే, కొత్త స్లిప్పును సారు వైపుకు తిప్పి పెట్టింది. "ఇగ గీకు." గీకాను. సారుకు ఎదురుగా నా పేరు నిటారుగా లేచి నిలబడింది, కంప్యూటర్‌లో ఉన్నట్టే. ఆయన ఎంత నవ్వాడంటే, స్లిప్పు మీద వేయాల్సిన ముద్ర తన ఎడమచేతి మీద వేసుకున్నాడు.

డబ్బు కొంగున కట్టుకుని పరుగున వెళ్లేసరికి పాన్ డబ్బా ఆయన అప్పటికే శేఠ్ ముందు కుర్చీలో ఉన్నాడు. పన్నెండుకు ఇంకా ఐదు నిమిషాలు. శేఠ్ ఒప్పంద కాగితం నా ముందు పెట్టాడు. నేను దాన్ని మెల్లగా ఆయన వైపు తిప్పి సంతకం చేశాను. శేఠ్ కళ్లు పెద్దవి చేశాడు. "మేరా ఐసాచ్ ఆతా శేఠ్, గదికేం గాదు" అన్నాను. గదికి ఏమీ కాలేదు, పన్నెండేళ్లు అందులోనే వండాను.

ఇప్పుడు నా సంతకం అందరిలాగే వస్తుంది. మా బిడ్డ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, అది మా బిడ్డ చేతిరాత. ఉల్టా సంతకమే నాది. వెనక ఇరవై మంది నవ్వుతుంటే అంగుళం కదలకుండా ఆరు స్లిప్పులు గీసిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం కుళ్లూ వస్తుంది. దాని మొండితనంలో సగం నా దగ్గర మిగిలి ఉంటే, ఇవాళ బ్యాంకు ఫోను మోగగానే "బిడ్డా, జర ఇటు రా" అని కేక వేయకపోదును.